ఆ తేదీ దేనిది?

చిరంజీవికి,

ఇంగ్లండ్‌లోని హాంబుల్డన్ కొండ గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. బాగా రాస్తావు, ఆ సంగతి నీకూ తెలుసు. నాలుగో పేజీలో మాత్రం ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను: "4750 లోంచి 1950 తీసేస్తే 2800, కాబట్టి ఈ కోట క్రీ.పూ. 2800 నాటిది." ఒక్క వాక్యంలో మూడు తప్పులున్నాయి. ఈ వాక్యం సంగతి తేలకుండా నా మనసు మిగతా వాటి మీదికి పోదు.

ముందు తీసివేత సంగతి. నువ్వు లెక్కకి తీసుకున్న 4750 ± 30 అనే అంకె మామూలు సంవత్సరాలు కాదు, 1950 నుంచి వెనక్కి లెక్కించే రేడియోకార్బన్ సంవత్సరాలు. గాలిలో కార్బన్-14 (ప్రాణి చచ్చాక దానిలో క్రమంగా తరిగిపోయే కార్బన్ రకం) పాళ్లు ఎప్పుడూ ఒకేలా ఉన్నాయనుకుంటే వచ్చే లెక్క అది. అవి ఒకేలా లేవని చెట్ల వార్షిక వలయాలు చూపించాయి. వలయం వయసు లెక్కపెట్టి తెలుసుకోవచ్చు, అదే వలయంలో కార్బన్-14 ఎంతుందో కొలవచ్చు. అలా వేల వలయాలు కొలిచి గీసినదే, రేడియోకార్బన్ సంవత్సరాల్ని మామూలు సంవత్సరాలుగా మార్చే కాలిబ్రేషన్ వక్రరేఖ. ఇప్పుడు వాడుతున్నది ఇంట్‌కాల్20. నీ 4750 ± 30 ని ఆ రేఖ మీద పెట్టి చూస్తే దాదాపు క్రీ.పూ. 3640 నుంచి 3380 మధ్య ఎక్కడైనా పడొచ్చు. నీ 2800 కీ దానికీ తేడా తక్కువలో తక్కువ 580 ఏళ్లు, ఎక్కువలో ఎక్కువ 840. రుద్రమదేవికీ మనకీ మధ్య ఉన్నంత కాలం, ఒక్క తీసివేతలో పోయింది.

ఆ పరిధి అంత వెడల్పుగా ఎందుకుందో కూడా నీ పాఠకుడికి చెప్పాలి. క్రీ.పూ. నాలుగో సహస్రాబ్ది మధ్యలో ఆ రేఖ ఏటవాలుగా దిగకుండా చదునుగా సాగుతుంది. అక్కడ రెండు వందల ఏళ్ల తేడాతో చచ్చిన రెండు ఆవులకి కూడా దాదాపు ఒకే అంకె రావచ్చు. ఇది ల్యాబ్ తప్పు కాదు, ఆనాటి గాలి అలా ఉంది. ± 30 అంటే కూడా "ముప్ఫై అటూ ఇటూ ఖాయం" అని కాదు. అసలు విలువ ఆ హద్దుల్లో ఉండే అవకాశం 68 శాతం. 95 శాతం కావాలంటే ఆ ముప్ఫైని రెట్టింపు చేసుకోవాలి.

ఇంకా పాత తప్పు ఒకటుంది, అది చేసినవాడు చిన్నవాడేం కాదు. స్టూవర్ట్ పిగ్గట్ అనే పురావస్తు శాస్త్రవేత్త 1950ల్లో బ్రిటన్ కొత్త రాతియుగం క్రీ.పూ. 2000 ప్రాంతంలో మొదలైందని అంచనా కట్టాడు. 1959లో ఇంగ్లండ్‌లోని డరింగ్టన్ వాల్స్ అనే కొత్త రాతియుగపు చోట దొరికిన బొగ్గుకి అంతకంటే చాలా పాత తేదీ వస్తే, పురావస్తు శాస్త్ర రీత్యా అది ఒప్పుకోదగ్గది కాదన్నాడు. ఓడింది ఆయన అంచనాయే. అంచనాని ముందు పెట్టుకుని తేదీని తోసేసినా, తేదీని ముందు పెట్టుకుని అది ఏ వస్తువుదో అడక్కపోయినా జరిగేది ఒకటే.

రెండో తప్పు "కోట". నీ ఫొటోలో కొండ చుట్టూ మెట్లు మెట్లుగా, నిలువెత్తున కనిపిస్తున్న గట్లు ఇనుప యుగపువి. నువ్వు రాసిన, కందకాలూ గట్లతో చుట్టిన కొత్త రాతియుగం ఆవరణకీ వాటికీ మధ్య సుమారు మూడు వేల ఏళ్లున్నాయి. ఆ ఇనుప యుగపు కోట ఉత్తరపు కొనమీద ఉంది. నీ ఆవరణ కొండ నడినెత్తిన ఉంది, దున్ని దున్ని కంటికి ఆనకుండా పోయింది. అదే కొండకి స్టెపుల్టన్ అనే ఇంకో కొన మీద మరో ఆవరణ ఉంది. ఫొటో మార్చు, లేదా కింద వ్యాఖ్య మార్చు. అసలు ఈ ఆవరణల కందకం ఏకధారగా ఉండదు. ముక్కలు ముక్కలుగా తవ్వి, ముక్కకీ ముక్కకీ మధ్య నేలను తవ్వకుండా వదిలేశారు. కాపలాకి తవ్వుకున్న కందకమైతే అన్ని దారులు ఎందుకు వదులుతారు? అలాగని పోరాటం జరగలేదనీ కాదు. స్టెపుల్టన్ వైపు కందకంలో ఒక యువకుడి అస్థిపంజరం ఛాతీ దగ్గర ఆకు ఆకారపు చెకుముకి బాణపు మొన దొరికింది. గ్లోస్టర్‌షైర్‌లోని క్రిక్లీ కొండ మీద అలాంటి మొనలు నాలుగు వందలకు పైగా దొరికాయి. కాబట్టి "ఆవరణ" అని రాయి. కోట అనాల్సిన చోట, ఏ గట్టుని, ఏ కాలంలో అంటున్నావో చెప్పి అను.

మూడో తప్పే అసలు తప్పు. నువ్వు కొండకి తేదీ వేశావు. కొండకి తేదీ ఉండదమ్మా, ఆవరణకీ ఉండదు. కొలిచింది ఒక ఎముకని, ఒక గింజని, ఒక బొగ్గు ముక్కని. ఆ ప్రాణి చచ్చిన వేళ, ఆ కొమ్మ పెరగడం ఆగిన వేళ మాత్రమే కొలతకి దొరుకుతుంది. అక్కణ్ణించి "ఈ కందకం ఎప్పుడు తవ్వారు" అనే దాకా ఒక్కో అడుగూ నువ్వే వేయాలి, పాఠకుడికి కనపడేలా వేయాలి.

ఆ అడుగులు ఎలా ఉంటాయో కందకంలోకి దిగి చూద్దాం. సుద్దరాయి నేలలో కందకం తవ్విన పనిముట్టు ఎర్రజింక కొమ్ము. దాన్ని గునపంలా రాతి పగుళ్లలోకి దించి పెళ్లగించేవారు. అరిగిపోయిన కొమ్ముని అడుగునే వదిలేసేవారు. కందకం అడుగున, పైనుంచి రాలిన సుద్ద కింద అలాంటి కొమ్ము దొరికితే దాని తేదీ తవ్వకానికి అతి దగ్గరి తేదీ. ఎందుకంటే ఆ పైన సుద్ద రాలడానికి ఎక్కువ కాలం పట్టదు. 1960లో ఇంగ్లండ్‌లోని ఓవర్టన్ డౌన్ అనే సుద్ద నేల మీద పరీక్ష కోసమే ఒక గట్టూ కందకమూ కట్టి, 2, 4, 8, 16, 32 ఏళ్లకి కోసి చూశారు. మొదటి కొన్ని చలికాలాల మంచుకే గోడలు బాగా విరిగి అడుగు నిండింది. అంటే అడుగున ఉన్నది తవ్వినవాళ్ల కాలానిది, లేదా వాళ్ల పిల్లల కాలానిది.

గట్టు కింద పూడిపోయిన పాత నేలలో ఎముక దొరికిందనుకో. అది గట్టుకి ముందుది, అంతవరకే. పదేళ్లు ముందా, అయిదు వందల ఏళ్లు ముందా చెప్పలేదు. ఇక్కడే చాలామంది జారిపడతారు. "గట్టు కింద దొరికింది కనుక గట్టు వయసు ఇదే" అని రాస్తారు.

కందకాన్ని ఒకసారి తవ్వి వదిలేయలేదు. పూడిన దాన్ని మళ్లీ మళ్లీ తవ్వారు. మళ్లీ తవ్వినప్పుడు పాత పొరలోని ఎముక పైకి వచ్చి కొత్త పొరలో పడుతుంది. కుందేలు బొరియ చేస్తే పైది కిందికి పోతుంది. అందుకే విడి ఎముక కన్నా కీలు విడని ఎముకలు మేలు. వెన్నుపూసలు ఒకదానికొకటి అమరి ఉంటే, పూడ్చేనాటికి వాటి మీద కండో నరమో ఉన్నట్టే. అంటే ఆ పశువు చచ్చాక ఎక్కువ కాలం పోకుండానే అక్కడ పడింది. అలా అమరిన ఎముకలుంటే, తేదీ కోసం మొదట ఎంచాల్సినవి అవే.

తొమ్మిదో పేజీలో కందకం అడుగున పెట్టిన పుర్రెల గురించి నువ్వు రాసిన పేరా చదివి కాసేపు కాగితం పక్కన పెట్టాను. ఆ చేతులు ఎవరివో, ఎందుకంత జాగ్రత్తగా పెట్టాయో అని రాశావు. ఆ పేరా ముట్టుకోను. కానీ అందులో నువ్వు వదిలేసిన ముఖ్యమైన మాట ఒకటుంది. ఆ పుర్రెల్లో చాలావాటికి కింది దవడ లేదు. దవడ ఊడాలంటే కండ పోవాలి. అంటే ఆ తలలు అక్కడికి చేరేనాటికే పాతవి. ఎన్నాళ్ల పాతవో పుర్రె తేదీ ఒక్కటే చెప్పలేదు, అదే అడుగున ఉన్న కొమ్ము తేదీతో పోల్చాలి. ఈ మాట చేర్చితే నీ పేరాలో కన్నీళ్లు తగ్గవు. ఎవరో తమ పెద్దవాళ్ల తలని ఎక్కడో దాచుకుని తెచ్చి పెట్టారన్నది అప్పుడే తెలుస్తుంది.

బొగ్గు గురించి. స్టెపుల్టన్ వైపు గట్టులో ఓక్ దుంగలు వాడారు, కాలాయి కూడా. అంత బొగ్గు దొరికింది కదా అని దాన్ని నమ్ముకోకు. చెట్టు చేవలోని కార్బన్, చెట్టు కొట్టిన నాటిది కాదు, ఆ వలయం పెరిగిన నాటిది. మూడు వందల ఏళ్ల ఓక్ చేవ కాలిస్తే, నిన్న కాలిన మంట కూడా మూడు వందల ఏళ్ల పాతదై కూర్చుంటుంది. హేజెల్ కాయ పెంకు, ధాన్యపు గింజ, సన్న కొమ్మ, కుండ లోపల మాడి అంటుకున్న అడుగంటు: ఒక్క ఏడాదో కొన్నేళ్లో బతికినవి కావాలి. బెరడు దాకా వలయాలున్న కొయ్య దొరికితే సంగతి వేరు. సోమర్సెట్ బురదనేలలో స్వీట్ ట్రాక్ అనే చెక్క బాట కొయ్యని క్రీ.పూ. 3807–3806 చలికాలంలో కొట్టారని చెప్పగలుగుతున్నారు. సుద్ద కొండ మీద కొయ్య అలా నిలవదు.

పాత తేదీలు వాడేటప్పుడు నమూనా ఎంతో చూడు. ఒకప్పుడు ఒక్క కొలతకి వందల గ్రాముల ఎముక కావాల్సివచ్చేది. అంత ఒక ఎముకలో దొరక్క, ఒకే పొరలోని ముక్కలన్నీ కలిపి పంపేవారు. వచ్చే తేదీ ఆ ముక్కల సగటు, ఏ ఒక్క పశువుదీ కాదు. ఇప్పుడు యాక్సిలరేటర్ పద్ధతికి గ్రాము, అంతకంటే తక్కువ చాలు. మ్యూజియంలో అతుకు పెట్టడానికి పూసిన జిగురు కూడా తేదీని చెడగొడుతుంది.

ఇక అంత వెడల్పు పరిధుల్లోంచి కచ్చితత్వం ఎలా వస్తుందని నీకు అనుమానం రావాలి, నీ వ్యాసంలో రాలేదు. మన ఇళ్లల్లో పుట్టిన తేదీలు ఎలా తేల్చేవారో గుర్తు చేసుకో. "దివిసీమ ఉప్పెనకి పెద్దాడు నడుస్తున్నాడు, రెండోది కడుపులో ఉంది" అంటే ఇద్దరి వయసూ చాలావరకు తేలిపోతుంది. బేసియన్ మోడల్ చేసేది అదే. అడుగు కొమ్ము ముందు, దానిపై పొర తర్వాత, మళ్లీ తవ్విన కందకం ఆ తర్వాత అనే వరసని, ఒక్కొక్కదాని రేడియోకార్బన్ పరిధినీ కలిపి, వరసకి కుదరని సంవత్సరాలని పక్కకి నెడుతుంది. ఆక్స్‌కాల్ అనే ప్రోగ్రాంలో ఈ పని చేస్తారు. వరస తప్పుగా ఇస్తే జవాబు ఇరుకుగా, నమ్మకంగా, తప్పుగా వస్తుంది. అందుకే పొరల చిత్రం చూడకుండా మోడల్ ఫలితం ఎత్తిరాయకు.

దీని బలం చూడాలంటే విల్ట్‌షైర్‌లోని విండ్‌మిల్ కొండ. మూడు వలయాల కందకాలు ఒకదాని లోపల ఒకటి. లోపలిది ముందు, తర్వాత మధ్యది, చివరికి బయటిది కట్టి ఉంటారని ఎవరికైనా అనిపిస్తుంది. 2011లో విటిల్, హీలీ, బేలిస్ అనే పురావస్తు పరిశోధకులు వెలువరించిన లెక్కలో లోపలిది సుమారు క్రీ.పూ. 3685–3635, బయటిది 3685–3610, మధ్యది 3655–3605. మధ్యది చివరిది! మొత్తం కొన్ని దశాబ్దాల్లో, ఒక మనిషి జీవితకాలంలో చూడగలిగినంతలో అయిపోయింది. హాంబుల్డన్ అలా కాదు. క్రీ.పూ. 3680 ప్రాంతంలో మొదలై మూడు వందల ఏళ్లకు పైగా సాగింది. "కొండ ఒకటే, తేదీ ఒకటే" అన్న నీ వాక్యం ఎందుకు నిలవదో ఇక వేరే చెప్పక్కర్లేదు.

రోజర్ మెర్సర్ అక్కడ 1974 నుంచి 1986 వరకు తవ్వాడు. హీలీతో కలిసి పూర్తి నివేదిక 2008లో వచ్చింది. తవ్వకం ముగిశాక కూడా ఇరవై రెండేళ్లు పట్టిన ఆ పనిని మన పత్రికలు "ఐదు వేల ఏళ్ల మిస్టరీ" అని నాలుగు పదాల్లో తేల్చేస్తాయి. ఆ మిస్టరీ పిచ్చి మీద నాకు పాత కోపం ఉంది. కృష్ణకి దగ్గర, పాలమూరు వైపు ఉట్నూరు బూడిద దిబ్బ మీద నేను రాసిన మొదటి వ్యాసంలో ఒక ఎడిటర్ ± గుర్తులన్నీ కొట్టేశాడు. పాఠకుడికి లెక్కలు వద్దన్నాడు. 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడ తవ్వి, కంచెల ఆనవాళ్లు, బూడిద పొరల్లో పశువుల గిట్టల అచ్చులు చూపించాడు. మళ్లీ మళ్లీ కాల్చిన పశువుల దొడ్డి అది. పొర పొరకీ వేరే మంట, మంట మంటకీ వేరే తేదీ. అలాంటి దిబ్బకి ఒకే అంకె అచ్చేశారు. ఇప్పటికీ అది ఎవరో ఒకరు ఎత్తిరాస్తూనే ఉన్నారు. పాఠకుడు లెక్కలకి భయపడడు. ఎరువుల బస్తా మీది పాళ్లు చదివే రైతు ± చదవలేడా?

వాక్యం ఇలా తిరగరాయి: "కందకం అడుగున దొరికిన ఎర్రజింక కొమ్ము తేదీ ఇంత ± ఇంత, కాలిబ్రేట్ చేస్తే 95 శాతం సంభావ్యతతో క్రీ.పూ. ఇంత నుంచి ఇంత. పొరల వరసతో మోడల్ చేస్తే ఇంత నుంచి ఇంత." ఇంగ్లిష్ నివేదికల్లో మోడల్ తేదీల్ని వాలు అక్షరాల్లో వేస్తారు. మన అచ్చులో అది కుదరదు, "మోడల్ ప్రకారం" అని ప్రతిసారీ రాయి. ± 25 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే పరిధిని పదికి, తక్కువైతే ఐదుకి, బయటి వైపుకి సవరించు. ప్రతి తేదీ పక్కన ల్యాబ్ సంఖ్య, వస్తువు, పొర ఉండాలి. ఈ మూడూ దొరకని తేదీని వ్యాసంలోంచి తీసెయ్.

నాలుగో పేజీ, ఫొటో వ్యాఖ్యా మార్చి మళ్లీ పంపు. తొమ్మిదో పేజీలో దవడ మాట చేర్చాక అది వేరుగా పంపినా సరే, ముందు అదే చదువుతాను.

ఆశీస్సులతో.