అలిపిరి మెట్లెక్కబోయే మేనల్లుడికి

తిరుపతి

చిరంజీవి అల్లుడికి, మీ అత్త దీవించి వ్రాయునది.

ముందురోజు రాత్రి నుంచి ఉపవాసముండి, అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి స్వామి దర్శనం చేసుకుంటానని మొక్కుకున్నావట. మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నీ భక్తికి సంతోషంగానూ, ఆ ఖాళీ కడుపు తలుచుకుంటే బెంగగానూ ఉంది. ఎండ ముదరకముందే బయలుదేరాలని, మంచినీళ్ళు తాగుతూ ఎక్కాలని నీకు వేరే చెప్పనక్కరలేదు.

నా భయమంతా మీ నాయన చేసిన పని వల్ల. పెళ్ళికి ముందు వాడూ ఇలాగే ఏమీ తినకుండా, స్నేహితులతో పందెం వేసుకుని మెట్లెక్కాడు. గాలిగోపురం రాకముందే చేతులు వణికి, ఒళ్ళంతా చల్లని చెమటపట్టి, పక్కనున్న స్నేహితుడి పేరు కూడా గుర్తురాక తడుముకున్నాడు. ఎవరో తల్లి కూర్చోబెట్టి బెల్లం నీళ్ళు తాగిస్తే కాసేపటికి తేరుకున్నాడు. కాళ్ళలో అంత బలముంటే తల ఎందుకు తిరిగిందని ఇంటికొచ్చాక నన్నే అడిగాడు.

కండరాలన్నిటిలో కలిపి సుమారు 400 గ్రాములు, కాలేయంలో 100 గ్రాముల దాకా గ్లైకోజెన్, అంటే ఒళ్ళు దాచుకున్న గ్లూకోజు, నిలవ ఉంటుంది. అయితే కండరం తన నిలవను తానే ఖర్చుపెట్టుకుంటుంది. దాన్ని గ్లూకోజుగా మార్చి రక్తంలోకి వదిలే ఎంజైము దానికి లేదు. మెదడుకు గ్లూకోజు పంపవలసింది కాలేయమే, రాత్రి అన్నం మానేస్తే తెల్లవారేసరికి అక్కడి నిలవ బాగా తరిగిపోతుంది. ఒంట్లో కొవ్వు ఉంది కదా అంటావేమో. కొవ్వు నుంచి శక్తి రావాలంటే కణంలో శక్తిని తయారుచేసే భాగాలైన మైటోకాండ్రియాకు ఆక్సిజన్ అందుతూ ఉండాలి, అది నిదానంగా జరిగే పని. నిటారు మెట్ల మీద తొందరపడితే కణాలు గ్లూకోజు మీదే పడతాయి. ఆక్సిజన్ చాలినప్పుడు ఒక్క గ్లూకోజు అణువు నుంచి కణం శక్తిగా ఖర్చుపెట్టుకునే ఏటీపీ అణువులు సుమారు 30 వస్తాయి, చాలనప్పుడు మిగిలేవి రెండే. ఆ ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరని నా విద్యార్థులకు చెప్పిన ప్రతిసారీ నా గొంతులో గర్వం పలికేది.

అందుకని గోవిందనామం ఆయాసపడకుండా పలకగలిగినంత నిదానంగా ఎక్కు నాయనా. బయలుదేరేముందు రెండు ఇడ్లీలైనా తిను, జేబులో బెల్లం ముక్క ఉంచుకో. ఉపవాసం మరో రోజు ఇంట్లో ఉండవచ్చు, స్వామి కాదనడు. నీతో మీ మేనమామ కూడా వస్తున్నాడట; ఇన్సులిన్ తీసుకునే మనిషి ఖాళీ కడుపుతో ఎక్కడానికి నేను ససేమిరా ఒప్పుకోను, ఏం తినాలో, మోతాదు ఎంతో డాక్టరును అడిగిన తరువాతే బయలుదేరమను.

ఇట్లు,
మీ అత్త