సూరి ఏ అద్దంలోంచి చూస్తున్నాడు?

అమ్మాయ్,

నీ కథ పోయిన ఆదివారం అందింది. మొదటిసారి చదివినప్పుడు పదకొండో పేజీ దగ్గర చిరాకేసి కాగితాలు పక్కన పెట్టేశాను. సాయంత్రం మళ్లీ మొదట్నుంచి చదివితే ఆరో పేజీలో ఒక వాక్యం పట్టుకుంది. నీ హీరో సూరి పడుకోబోయే ముందు రైఫిలు స్కోపు అద్దం మీద ఊపిరి వదిలి, బనియన్ అంచుతో తుడుస్తాడే, ఆ వాక్యం. రైఫిలు తుడిచే చిందీగుడ్డకు నూనె ఉంటుంది. అది అద్దానికి తగలకూడదని మాకు తుపాకి నేర్పే ఉస్తాద్‌లు పదేపదే చెబుతారు. ఇక జవాను చేతికి అందేది బనియనే. అది నీకు ఎవరు చెప్పారో గానీ నిజం. ఆ వాక్యం రాసిన పిల్ల పదకొండో పేజీ అలా రాయకూడదనే ఇంత ఉత్తరం రాస్తున్నాను.

పదకొండో పేజీలో "ఎర్రచుక్క వాడి గుండె మీద పడింది. వాడు తల వంచి ఆ చుక్కను చూసి వణికాడు" అన్నావు. పదమూడో పేజీకి వచ్చేసరికి అదే అద్దంలోంచి నాలుగు వందల మీటర్ల అవతల ఉన్నవాడి కనురెప్పల మీద మంచు కనిపించింది. అదే రైఫిలు, అదే రాత్రి. పైగా ఉత్తరంలో అడిగావు: "సార్, నా హీరోకి రెడ్ డాట్ ఇవ్వాలా, జూమ్ స్కోప్ ఇవ్వాలా? ఏది పవర్‌ఫుల్?"

పవర్ సంగతి తర్వాత. ముందు చుక్క ఎక్కడ ఉంటుందో తెలుసుకో. రెడ్ డాట్ సైటులో, అంటే ఎర్రచుక్కతో గురి చూసే అద్దంలో, చుక్క శత్రువు ఒంటి మీద పడదు. సినిమాల్లో చూపించేది లేజరు, అది వేరే వస్తువు. రెడ్ డాట్‌లో లోపల చిన్న ఎర్రదీపం ఉంటుంది. ముందున్న అద్దానికి పల్చటి పూత వేస్తారు. బయటి దృశ్యాన్ని రానిస్తూనే ఆ పూత ఎర్రవెలుగును మన కంటివైపు తిప్పి పంపుతుంది. రాత్రి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు లోపలి లైటు బయటి పొలాల మీద తేలుతూ కనిపిస్తుంది కదా, అలాంటిదే. పొలంలో నిలబడ్డ రైతుకు తన మీద లైటు పడినట్టు తెలియదు. సూరి గురి పెట్టినవాడికీ ఏమీ తెలియదు. వాడు బీడీ ముట్టించుకుంటూనే ఉంటాడు. నువ్వు రాసిన వణుకు కంటే ఆ తెలియకపోవడమే ఎక్కువ భయపెడుతుంది. అది వదిలేసుకున్నావు.

చుక్కకు సైజు కూడా ఉంది. దాన్ని ఎంఓఏలో చెబుతారు, ఒక డిగ్రీలో అరవయ్యో వంతు. వంద మీటర్ల దగ్గర ఒక ఎంఓఏ అంటే దాదాపు 3 సెంటీమీటర్లు. 2 ఎంఓఏల చుక్క వంద మీటర్ల దగ్గర 6 సెంటీమీటర్ల మేర కప్పుతుంది, మూడు వందల దగ్గర 17. చుక్క 4 ఎంఓఏలదైతే నీ నాలుగు వందల మీటర్ల దగ్గర 46 సెంటీమీటర్లు. అంటే మనిషి భుజాల వెడల్పంతా ఆ చుక్క కిందికే పోతుంది. ఇక కనురెప్పలెక్కడ, మంచెక్కడ? రెడ్ డాట్ దేన్నీ పెద్దది చేయదు. నాలుగు రెట్ల స్కోపులో చూసినా నాలుగు వందల మీటర్ల దూరంలో ఉన్నవాడు వంద మీటర్ల దూరంలో ఉన్నట్టు కనిపిస్తాడు, అంతే. మీ ఇంటి దగ్గర వంద మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషిని చూడు. గడ్డం ఉందో లేదో, చేతిలో ఉన్నది కర్రో తుపాకో తెలుస్తుంది. కనురెప్పలు కనిపించవు.

మరి రెడ్ డాట్ ఎందుకు పుట్టింది? రెండు కళ్లూ తెరిచి, మొత్తం దృశ్యం చూస్తూ, కన్ను చటుక్కున పోయినచోటికే గురి పోవడానికి. 1970 నవంబరులో అమెరికన్లు ఉత్తర వియత్నాంలోని సన్‌టే జైలు మీద రాత్రిపూట దాడికి వెళ్లినప్పుడు సింగిల్‌పాయింట్ అనే సైటును రైఫిళ్లకు పెట్టుకుని వెళ్లారు. దానిలోంచి అవతలికి కనిపించదు. ఒక కన్ను చుక్కను చూస్తుంది, రెండో కన్ను మనిషిని చూస్తుంది, మెదడు రెంటినీ కలుపుకుంటుంది. 1975లో స్వీడన్ కంపెనీ ఎయిమ్‌పాయింట్ తెచ్చిన ఎలక్ట్రానిక్ సైటుతో చుక్కనూ మనిషినీ ఒకే అద్దంలో చూడటం కుదిరింది. మా చేతుల్లో ఉన్న ఇనుప సైటుతో మాకు ఎప్పుడూ అవస్థే. వెనక పీప్ అనే చూసే రంధ్రం, ముందు టిప్ అనే మొన, దూరంగా టార్గెట్. మూడింటినీ కన్ను ఒకేసారి స్పష్టంగా చూడలేదు. కావాలంటే మీ కిటికీ అద్దానికి చిన్న బొట్టుబిళ్ళ అంటించి, వీధి చివర చెట్టును చూడు. చెట్టు స్పష్టంగా ఉంటే బిళ్ళ మసకేస్తుంది, బిళ్ళను చూస్తే చెట్టు మసకేస్తుంది. రెడ్ డాట్‌లో వెలుగు సమాంతరంగా వస్తుంది కాబట్టి చుక్క కూడా చెట్టంత దూరాన ఉన్నట్టే ఉంటుంది. తలకాయ కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు. నీ సూరి సందులో పరిగెత్తుతూ, గోడకు ఒరుగుతూ, చెంప సరిగ్గా ఆనించకుండా కాల్చాల్సినవాడైతే వాడికి ఇదే కావాలి.

పెద్దది చేసి చూపించే స్కోపు అలా కాదు, ముందు మనిషిని కుదురుగా ఉండమంటుంది. నేను వాడింది డ్రాగునోవ్ అనే స్నైపర్ రైఫిలు మీద ఉండే పీఎస్ఓ-1 స్కోపు, నాలుగు రెట్లు. కన్ను అద్దానికి 68 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి, దాదాపు నాలుగు వేళ్ల మందం. కాస్త జరిగితే అంచున నల్లటి నెలవంక వచ్చేస్తుంది. ఊపిరి, నాడి అన్నీ అందులో తెలుస్తాయి. కొత్తవాళ్లు స్కోపు వణికిస్తోందనుకుని గాభరాగా ట్రిగ్గర్ లాగేస్తారు. వణుకు ముందే ఉంది, స్కోపు దాన్ని చూపించింది. ఆ అద్దంలో కింద ఎడమవైపు ఒక వంపుగీత ఉంటుంది, దాని మీద అంకెలు. మనిషి తల ఆ గీతకూ, కాళ్లు కింది గీతకూ ఆనేలా పెడితే ఎన్ని వందల మీటర్లో తెలుస్తుంది. 1.7 మీటర్ల ఎత్తున్న మనిషికి ఆ లెక్క కట్టారు. మొదటిసారి దానిలోంచి ఒక మనిషిని కొలిచిన రోజు నాకు అన్నం సహించలేదు. మా నాన్న ఎత్తు సుమారుగా అంతే.

ఇప్పుడు అసలు విషయం. నలభై ఏళ్లుగా దీన్నే నమ్ముతున్నాను, ఎవరు ఏమన్నా మార్చుకోను. పెద్దది చేసి చూపించే ప్రతి అద్దమూ చుట్టుపక్కల కొంత దాచేస్తుంది. రాసేవాడు చూపించినదాన్ని మాత్రమే రాసి, దాచినదాన్ని మరిచిపోతే అబద్ధం రాసినట్టే.

2001 చలికాలంలో కశ్మీర్‌లో ఒక ఊరిని చుట్టుముట్టాం. నేను మేడ మీద డ్రాగునోవ్‌తో ఉన్నాను. ఎదురుగా నూటయాభై మీటర్ల దూరంలో ఒక తలుపు. లోపల ఇద్దరున్నారని సమాచారం. పీఎస్ఓ-1లో కనిపించే మేర ఆరు డిగ్రీలు, అంటే ఆ దూరంలో పదహారు మీటర్లకు కాస్త తక్కువ. తలుపు, గుమ్మం మీద ఆరేసిన ఎర్ర మిరపకాయల దండ, అక్కడక్కడా ఊడిన మట్టిపూత, ఇవన్నీ చేతికి అందేంత దగ్గరగా ఉన్నాయి. గంటన్నర అదే చూశాను. తలుపు కదిలింది. నా వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లింది. అప్పుడే నా భుజం మీద చెయ్యి పడింది. పక్కనున్న నా బడ్డీది. వాడి దగ్గర మామూలు ఏకే, ఇనుప సైటు, రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి. కుడివైపు పశువుల కొట్టంలోంచి ఏడెనిమిదేళ్ల పిల్ల పాలగిన్నెతో తలుపువైపు పరిగెత్తుకొస్తోంది. నా అద్దంలో ఆ పిల్ల లేదు. రెండు క్షణాల తర్వాత వచ్చింది, సరిగ్గా తలుపుకు అడ్డంగా. ఆ రోజు ఎవరూ కాల్చలేదు. తలుపు తీసింది ఆ పిల్ల వాళ్లమ్మ.

దాన్ని కథగా రాసి పంపాను. ఒక పత్రికలో సంపాదకుడు వేసుకున్నాడు గానీ బడ్డీని తీసేశాడు. "హీరో తనంతట తానే పిల్లను చూడాలి, మధ్యలో ఇంకొకడెందుకు" అని కార్డు రాశాడు. స్కోపులో పిల్ల కనిపించదు బాబూ అని తిరుగు జాబు రాస్తే, పాఠకులకు ఆ సాంకేతిక వివరాలు పట్టవన్నాడు. ఆ కథలో ఉన్నదంతా నా భుజం మీద పడిన చెయ్యే. అదే పోయింది. అచ్చయిన ఆ సంచిక ఇప్పటికీ మా ఇంట్లో పెట్టుకోలేదు. అంతకు ముందు నా మొదటి కథలో రైఫిలు పేరు "ఎస్‌ఎల్‌ఆర్" అని ఉన్నచోటల్లా ఇంకో పత్రికవాళ్లు "మరతుపాకి" అని మార్చారు. ఎస్‌ఎల్‌ఆర్‌ను మేం ఒక్కొక్క గుండుగా కాల్చేవాళ్లం, మరతుపాకి ఆగకుండా కాలుస్తూ పోతుంది. వాళ్లు మార్చాక నా జవాను పెళ్లి ఊరేగింపు పక్కన మరతుపాకి పేల్చినట్టయింది. బ్యారక్‌లో ఉన్న మన తెలుగు కుర్రాళ్లు అది చదివి నా ముఖం వైపు చూడలేదు. ఆర్నెల్లపాటు మళ్లీ కలం పట్టుకోలేకపోయాను. మాది పశ్చిమ గోదావరిలో మాధవరం పక్క ఊరు. ఆ ప్రాంతంలో సైన్యంలో పనిచేసినవాళ్లు లేని వీధి కనబడదు. అలాంటిచోట తప్పు తుపాకితో కథ వేయించుకుని సెలవుకి వెళ్లడం ఎంత తలవంపో నీకు చెప్పలేను.

ఇప్పుడు వస్తున్న యుద్ధకథల్లో ఇంకో ఫ్యాషన్. క్లైమాక్స్‌లో బ్యాటరీ అయిపోవడం. నువ్వూ అదే చేశావు. ఎయిమ్‌పాయింట్ కాంప్ ఎం4 అనే సైటు ఒక్క పెన్సిల్ సెల్లుతో 80,000 గంటలు వెలుగుతుందని కంపెనీ లెక్క. అంటే తొమ్మిదేళ్ల పైమాటే. మనవాళ్లు టావర్ రైఫిళ్ల మీద వాడిన మెప్రో 21కి బ్యాటరీయే లేదు. పగలు చుట్టూ ఉన్న వెలుతురును ఫైబర్ పోగుచేస్తుంది, రాత్రి తనంతట తానే వెలుగునిచ్చే ట్రిటియం మెరుస్తుంది. కానీ దానికి నిజమైన కష్టం ఒకటుంది. చీకటి గదిలో నిలబడి ఎండ కాస్తున్న వాకిట్లోకి చూస్తే చుక్క వెలవెలబోతుంది. ఎందుకంటే ఆ చుక్కకు అందే వెలుతురు నువ్వున్న చోటిది, శత్రువు ఉన్న చోటిది కాదు. నీ ఎనిమిదో పేజీలో సూరి సరిగ్గా అలాంటి గదిలోనే ఉన్నాడు! ఎదురుగా మంచు మీద ఎండ. కథకు కావాల్సిన కష్టం చేతిలో ఉంటే సెల్లు అయిపోయిందని రాయడం ఎందుకు?

రెండూ ఒకేదానిలో ఉండే స్కోపులు వచ్చాయి కదా అంటావేమో. వచ్చాయి. ఒకటి నుంచి ఆరు రెట్లు, ఒకటి నుంచి ఎనిమిది రెట్లు, రింగు తిప్పుకోవచ్చు. రైఫిలుకు బిగించే మౌంటుతో కలిపితే అరకిలో దాటుతుంది, చిన్న రెడ్ డాట్ వంద గ్రాములకు అటూ ఇటూ. ఒకటి మీద పెట్టినా కన్ను వెనక సరైనచోట ఉండాల్సిందే, రెడ్ డాట్ ఇచ్చే వెసులుబాటు రాదు. కొందరు రెడ్ డాట్ వెనక మూడు రెట్ల మాగ్నిఫయర్ పెట్టి, అక్కర్లేనప్పుడు పక్కకు మడుస్తారు. సూరికి ఇలాంటిది ఇస్తే ఆ రింగు తిప్పడం కథలో జరగాలి. కొండ మీద ఆరు మీద పెట్టి, దిగి సందులోకొచ్చాక తిప్పడం మరిచిపోతే వాడికి కనిపించేది గోడ సున్నమే.

కాబట్టి సూరికి ఏది ఇవ్వాలో దూరాన్ని అడుగు, నన్ను కాదు. నీ కథలో ముఖ్యమైనదంతా ఊళ్లో, యాభై నుంచి నూరు మీటర్ల లోపల జరుగుతోంది. పిల్లలు, మేకలు, తలుపులు, పక్కనుంచి వచ్చే మనుషులు. వాడికి రెడ్ డాట్ ఇవ్వు. కొండ మీది నాలుగు వందల మీటర్ల దృశ్యం నీకు అంత ప్రాణమైతే ఆ తుపాకి ఇంకొకడి చేతిలో పెట్టు, పక్కన ఒక బడ్డీని కూర్చోబెట్టు. ఇంకొక మాట, కథ ఏ సంవత్సరంలో జరుగుతోందో ఎక్కడా లేదు. తొంభైల మధ్యలో అయితే మామూలు జవాను రైఫిలుకు ఏ అద్దమూ ఉండదు, ఇనుప సైటే. 2019లో మన సైన్యం 72,400 సిగ్ 716 రైఫిళ్లకు ఆర్డరిచ్చింది. ఆ తర్వాతి కథైతే చేతిలో 7.62 మిల్లీమీటర్ల గుండు కాల్చే ఆ రైఫిలు ఉండొచ్చు. అది అయిదారు వందల మీటర్లు పోగలదు, దాని మీద ఉత్త చుక్క ఒక్కటే పెడితే సగం రైఫిలు వృథా. సంవత్సరం వేశాక సైటు ఎంచుకో.

వీలైతే మీ ఊరి దగ్గర ఎన్‌సీసీ ఫైరింగ్ జరిగే రోజు కనుక్కుని, అడిగి, ఒక్కసారి పడుకుని రైఫిలు పట్టుకుని చూడు. పాయింట్ టూటూ అనే చిన్న రైఫిలైనా సరే. మోచేతుల కింద గులకరాళ్లు గుచ్చుకోవడం, చెంపకు చెక్క చల్లగా తగలడం, "శిస్త్ లో", అంటే గురి పెట్టు, అన్నాక నీ ఊపిరి నీకే పెద్దగా వినిపించడం, ఇవి నా ఉత్తరంలో దొరకవు.

ఎనిమిదో పేజీ నుంచి పదమూడో పేజీ దాకా తిరగరాసి పంపు. పంపేముందు ఒకటి తేల్చుకో. రెండో పేజీలో సూరి ఎడమచేత్తో ఉత్తరం రాస్తాడన్నావు. వాడికి ఏకే ఇస్తే, పేలాక మిగిలే తూటా ఖాళీ కేసు కుడివైపు ఎగిరిపడుతుంది. ఎడమ భుజానికి ఆనిస్తే అది వాడి ముఖం ముందు నుంచి పోతుంది. వాడు ఎడమ కంటితో గురి చూస్తాడా, కుడి కంటితోనా?

ఆశీస్సులతో,
మీ మాస్టారి స్నేహితుడు