కెగ్ లీకు నేనే బాగు చేసుకుంటే డబ్బు అడిగే హక్కు పోతుందా?

ప్రశ్న: మేముండే చోట ఇంట్లో సొంతానికి బీరు కాచుకోవడం చట్టబద్ధమే. నాలాగే కాచుకునే ఒకాయన దగ్గర వాడిన కెగ్ (బీరు నిల్వ చేసే లోహపు డబ్బా), రెగ్యులేటర్ (గ్యాస్ ప్రెషర్‌ను అదుపు చేసే పరికరం), ఐదు పౌండ్ల కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కలిపి కొన్నాను. "ప్రెషర్ పెట్టి చూశాను, ఎక్కడా లీకు లేదు" అని మెసేజ్ పెట్టాడు. పది రోజుల్లో సిలిండర్ ఖాళీ. మళ్లీ నింపిస్తే అదీ తగ్గిపోతోంది. గ్యాస్ బయటికి పోకుండా ఆపే రబ్బరు రింగులు నేనే మార్చుకుంటే ఇక ఆయన్ని డబ్బు అడగలేనా? కెగ్ ఉన్న చిన్న గదిలోనే నాతో అద్దెకుండే స్నేహితుడు పడుకుంటాడు, అతనికేమైనా అయితే బాధ్యత ఎవరిది?

జవాబు: ముందు లేచి వెళ్లి సిలిండర్ వాల్వు మూసేసి, ఆ గది కిటికీ తీసి రండి. ఐదు పౌండ్లంటే సుమారు 2.27 కిలోల గ్యాస్, బయటికొస్తే 1,200 లీటర్లు దాటుతుంది. మూడు మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న గది గాలాడకుండా మూసి ఉండి అదంతా ఒక్కసారిగా వదిలితే గాలిలో దాని పాలు 5 శాతానికి చేరుతుంది, 4 శాతమే ప్రాణానికి ప్రమాదమని లెక్క. వాసన రాదు, గాలికన్నా బరువు, అంటే ముందు నిండేది మనిషి పడుకునే ఎత్తులోనే. మీ ప్రశ్నలో నాకు టెన్షన్ పెట్టింది డబ్బు సంగతి కాదు, ఇది.

బాధ్యత మాటకొస్తే, 1932లో బ్రిటన్‌లో తీర్పు వచ్చిన అల్లం బీరు సీసా కేసు, అదే డోనహ్యూ వర్సెస్ స్టీవెన్సన్, లా చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు. మన పని వల్ల ఎవరికి హాని జరగవచ్చో ముందే ఊహించగలిగితే వాళ్ల పట్ల జాగ్రత్తగా ఉండాల్సిన బాధ్యత మనదే అన్నది అక్కడ స్థిరపడ్డ సూత్రం, చాలా దేశాల కోర్టులు దాన్నే పట్టుకుని నడుస్తున్నాయి. మొదటి పది రోజులు మీకు తెలియదు, సరే. నాకు రాసే నాటికి మాత్రం తెలుసు. తెలిశాక కూడా వాల్వు తెరిచి పెట్టి పడుకుంటే, రేపు అమ్మినాయన "లీకని తెలిసీ వాడాడు కదా" అంటాడు, ఆ మాటకు బలం ఉంటుంది. మీ స్నేహితుడికి ఇవాళే చెప్పండి, కెగ్‌ను పడకగదిలోంచి తీసేయండి.

ఇక మరమ్మతు. చేయి పెట్టినంత మాత్రాన హక్కు పోదు. నష్టం పెరగకుండా చూసుకోవడం కొన్నవాడి బాధ్యత కూడా. పోయేది సాక్ష్యం. రింగు మార్చేశాక లీకు ఎక్కడుందో, కొన్ననాడే ఉందో లేదో ఎవరు చెప్పాలి? అందుకే విప్పకముందే రుజువు పట్టుకోండి, అదీ అవతలివాళ్లు తప్పు పట్టలేని విధంగా. బీరు ఉన్న కెగ్‌తో పరీక్ష చేస్తే గ్యాస్ బీరులో కరిగి ప్రెషర్ దానంతటదే తగ్గుతుంది, ఫ్రిజ్‌లో పెడితే చలికి తగ్గుతుంది, ఆయన తరఫు లాయరు మొదట అడిగేది ఇదే. ఖాళీ కెగ్‌ను గాలాడే చోట, ఎండ తగలకుండా పెట్టి 30 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) ఎక్కించి సిలిండర్ మూసి, ప్రెషర్ మీటరు ముల్లు ఫొటో తీయండి, మర్నాడు అదే వేళకు మళ్లీ తీయండి. తర్వాత సబ్బు నీళ్లు మూత చుట్టూ, గ్యాస్, బీరు పైపులు తగిలించే రెండు పోస్టుల మీద, ఎక్కువైన ప్రెషర్‌ను వదిలే రిలీఫ్ వాల్వు దగ్గర, పైపు బిగింపుల దగ్గర, రెగ్యులేటర్ సిలిండర్‌కు కలిసే చోట పూసి, బుడగలు లేస్తుంటే ఆపకుండా వీడియో తీయండి. సిలిండర్ మీటరును నమ్మొద్దు, లోపల ద్రవం ఉన్నంతసేపూ అది ఒకే అంకె చూపిస్తుంది. త్రాసు మీద తూచి, మెడ దగ్గర చెక్కి ఉండే ఖాళీ బరువు తీసేస్తే మిగిలిన గ్యాస్ లెక్క తేలుతుంది.

ఇవన్నీ అయ్యాక ఆయనకు రాతపూర్వకంగా చెప్పి, వచ్చి చూసుకోవడానికి ఓ వారం గడువివ్వండి. రాకపోతే రింగులు మార్చుకోండి, పాతవి కవరులో దాచండి. సిలిండర్ వాల్వు మాత్రం మీరు విప్పకండి. గది వేడిలో లోపల 800 పీఎస్ఐ పైనే ఉంటుంది, అది అర్హత ఉన్నవాళ్ల పని.

ఎంత వస్తుందంటే, నిజం చెప్తాను. వాడిన సరుకును మామూలు మనిషి అమ్మితే దుకాణం మీద ఉన్నంత బాధ్యత అతని మీద సాధారణంగా ఉండదు. మీకున్న బలమంతా "లీకు లేదు" అన్న ఆ మెసేజ్, దాన్ని నమ్మి కొన్నారు కాబట్టి. లోపం రింగుదే అయితే అది అరిగిపోయే వస్తువు, దాని ఖర్చూ మొదటి సిలిండర్ గ్యాస్ ఖర్చూ అడగడం న్యాయం. రెండోసారి నింపించింది కారణం వెతక్కుండానే కాబట్టి ఆ డబ్బు మీద ఆశ పెట్టుకోకండి. కెగ్ అతుకు పగిలినా రెగ్యులేటర్ చెడిపోయినా మొత్తం వెనక్కిచ్చి డబ్బు అడగొచ్చు, కోర్టుకెళ్లే గడువు మీ చోట ఎంతో మాత్రం వెంటనే కనుక్కోండి.

సిలిండర్ మెడ మీద ఏదైనా గ్యాస్ కంపెనీ పేరు చెక్కి ఉందేమో కూడా చూడండి. అలాంటివి చాలాసార్లు కంపెనీ సొత్తే, అమ్మే హక్కు ఆయనకే లేకపోతే మీ కేసు ఇంకా తేలిక. ఆయన ఫోన్ చేసి మాట్లాడుకుందామంటే మాట్లాడండి, పెట్టేశాక ఏమనుకున్నారో మెసేజ్‌లో రాసి అదే రోజు పంపండి.