కొవ్వు పొరలో క్యాన్సర్ మందు: అది గడ్డకే చేరుతుందా?

ప్రశ్న: మా అమ్మగారికి 63 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకిందని తేలింది. చాలాకాలంగా బీపీ, కొలెస్ట్రాల్ కూడా ఉన్నాయి. మామూలు డాక్సోరుబిసిన్‌కు బదులు లైపోసోమల్ డాక్సోరుబిసిన్ ఎక్కిస్తామనీ, దాని ఖరీదు ఎక్కువనీ డాక్టరుగారు చెప్పారు. అతి చిన్న కొవ్వు గోళాల్లో నింపిన ఈ మందు సూటిగా గడ్డకే వెళ్తుందని బంధువులు అంటున్నారు. నిజమేనా? కొలెస్ట్రాల్ ఉన్నవారికి కొవ్వుతో చేసిన మందు ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: గడ్డకు మాత్రమే వెళ్తుందన్న మాట నిజం కాదమ్మా. అయినా మీ డాక్టరుగారి సూచన సమంజసమైనదే. ఈ మందు వల్ల కలిగే ముఖ్యమైన మేలు మీ అమ్మగారి గుండెకు.

మామూలు డాక్సోరుబిసిన్ క్యాన్సర్ కణాలతోపాటు గుండె కండరాన్నీ దెబ్బతీస్తుంది. ఆ నష్టం మోతాదు మోతాదుకూ పేరుకుపోతుంది కనుక, జీవితకాలం మొత్తానికి శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 450 నుంచి 550 మిల్లీగ్రాములు దాటకుండా వైద్యులు జాగ్రత్త పడతారు. వయసు పైబడినవారిలోను, బీపీ ఉన్నవారిలోను అంతకంటే ముందే గుండె బలహీనపడవచ్చు. జెరూసలేంలో బారెన్‌హోల్జ్, గాబిజోన్ అనే శాస్త్రవేత్తల పరిశోధనతో రూపుదిద్దుకుని 1995లో అమెరికాలో అనుమతి పొందిన లైపోసోమల్ రూపంలో, ఇదే మందును 80 నుంచి 100 నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు) ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు గోళాల్లో బంధిస్తారు. రోగనిరోధక కణాలు వాటిని వెంటనే పట్టుకోకుండా పైన పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనపు పూత ఉంటుంది. అందువల్ల ఇవి రెండు మూడు రోజులపాటు రక్తంలో తిరుగుతాయి. గుండెలోని రక్తనాళాల గోడలు బిగువుగా ఉండటంతో ఇంత పెద్ద గోళాలు వాటిని దాటి కండరంలోకి సులభంగా చేరలేవు. తొందరతొందరగా పుట్టుకొచ్చిన గడ్డ రక్తనాళాల్లో సందులు ఉంటాయి కనుక అక్కడ కొంత జారుకుంటాయి. ఈ రెండో సంగతిని జపాన్‌లో మత్సుమురా, మయేదా 1986లో వెల్లడించారు.

అయితే ఆ ‘కొంత’ చాలా తక్కువ. ఇలాంటి రకరకాల అతి సూక్ష్మ రేణువులతో (నానోకణాలతో) జంతువులపై జరిగిన ప్రయోగాలను 2016లో ఒకచోట చేర్చి చూస్తే, ఇచ్చిన మోతాదులో గడ్డకు చేరింది మధ్యస్థంగా 0.7 శాతమే. కాలేయం, ప్లీహం ఎక్కువ భాగాన్ని లాగేసుకుంటాయి. రొమ్ము క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకిన 509 మంది స్త్రీలపై జరిపి 2004లో ప్రచురించిన పరిశీలనలో, వ్యాధిని అదుపు చేయడంలో రెండు రూపాలకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గుండెకు హాని మాత్రం లైపోసోమల్ రూపంలో బాగా తగ్గింది. జుట్టు రాలడం కూడా 66 శాతం మందికి బదులు 20 శాతం మందిలోనే కనిపించింది.

కొలెస్ట్రాల్ గురించి మీరు భయపడనవసరం లేదు. గోళాల గోడ గట్టిగా ఉండేందుకు కొలెస్ట్రాల్ కలుపుతారన్నది నిజమే కానీ, 60 మిల్లీగ్రాముల మోతాదులో అది సుమారు 95 మిల్లీగ్రాములు, అంటే ఒక కోడిగుడ్డు పచ్చసొనలో ఉండేదానిలో సగం. అదీ సాధారణంగా నాలుగు వారాలకొకసారి.

మీరు ఎక్కువగా గమనించవలసింది అరచేతులు, అరికాళ్లు. పైన చెప్పిన పరిశీలనలోనే లైపోసోమల్ మందు తీసుకున్నవారిలో 48 శాతం మందికి అక్కడి చర్మం ఎర్రబడి, మండి, పొలుసులు ఊడింది. మామూలు మందుతో ఇది 2 శాతమే. మందు ఎక్కించిన తర్వాత కొన్ని రోజులు బాగా వేడి నీళ్లు, బిగుతు చెప్పులు, చేతులు ఒరిపిడి పడే పనులు మానిపించండి. మంట మొదలైతే తర్వాతి విడత వరకు ఆగకుండా ఆసుపత్రికి తెలియజేయండి, మోతాదు తగ్గించడమో వాయిదా వేయడమో చేస్తారు. మొదటిసారి ఎక్కిస్తుండగా ముఖం ఎర్రబడినా, ఆయాసం, నడుమునొప్పి వచ్చినా వెంటనే నర్సుకు చెప్పాలి. మూత్రం ఎర్రగా కనిపిస్తే అది మందు రంగే.

ఖరీదు విషయంలో ఒక మాట. ఈ మందును మన దేశంలోనూ తయారు చేస్తున్నారు. 2012లో అమెరికాలో కొరత ఏర్పడినప్పుడు అక్కడి ప్రభుత్వ సంస్థ మన దేశపు కంపెనీ సన్ ఫార్మా తయారీని దిగుమతి చేసుకోనిచ్చింది. కనుక స్వదేశీ తయారీ అని సందేహించకండి. కానీ దుకాణంలో దొరకలేదని మామూలు డాక్సోరుబిసిన్‌ను అదే మోతాదులో మార్చి వాడటం ప్రమాదకరం, మోతాదులు వేరు. మందు మొదలుపెట్టేలోగా ఎకో పరీక్ష (గుండె స్కానింగ్) చేయించి, గుండె పంపింగ్ ఎంత శాతం ఉందో, ఇంతకుముందు డాక్సోరుబిసిన్ జాతి మందు ఎంత మోతాదు పడిందో డాక్టరుగారిని అడిగి రాసిపెట్టుకోండి.