డాక్టర్ సలహా: షుగర్ ఉన్నవాళ్లు నాలుగైదు రోజుల ట్రెక్‌కు సద్ది ఎలా కట్టుకోవాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 47. హనుమకొండలో టీచర్‌ని. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. బీపీ లేదు. ఏటా నలుగురు స్నేహితురాళ్లం కలిసి నాలుగైదు రోజుల ట్రెక్‌కు వెళ్తాం. వెంట గైడ్ ఉంటాడు, వంట మాత్రం మాదే. అందుకని వంటింట్లో ఒక అర ట్రెక్ సామాన్లకే కేటాయించాను. పోయిన ఏడాది తెచ్చిన పల్లీలు, నూడుల్స్ ప్యాకెట్లు, పల్లీ పట్టీలు, బిస్కెట్లు ఇంకా మిగిలాయి. పల్లీలు కాస్త చేదుగా ఉన్నాయి, వేయిస్తే పనికొస్తాయా? పోయినసారి రెండో రోజు భోజనం మూడింటిదాకా ఆలస్యమై చేతులు వణికాయి, ఒళ్లంతా చెమట పట్టింది. పల్లీ పట్టీ తిన్నా అరగంటదాకా తేరుకోలేదు. ఈ డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ వెళ్తున్నాం. ఇంట్లో ఏమేం నిల్వ పెట్టుకోవాలి, ఎలా తినాలి? - ఒక పాఠకురాలు, హనుమకొండ

సలహా: ముందు ఆ పల్లీల సంగతి. ఈరోజే పారేయండి. పశువులకూ కోళ్లకూ కూడా వేయకండి. తేమ తగిలిన పల్లీలకు పట్టే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఏళ్ల తరబడి ఒంట్లోకి వెళ్తే కాలేయ క్యాన్సర్‌కూ దారితీస్తుంది. వేయిస్తే బూజు చస్తుందేమో గానీ విషం పూర్తిగా పోదు. మీ పల్లీల చేదుకు కారణం బూజు కాకపోవచ్చు, లోపలి నూనె పాతబడి కూడా చేదెక్కుతుంది. కానీ నాలుక ఆ రెండింటికీ తేడా చెప్పలేదు. కిలో పల్లీల కోసం అంత రిస్క్ అక్కర్లేదు. ఇకపై కొన్నప్పుడు ముడుచుకున్నవి, రంగు మారినవి ఏరేసి, ఒక పూట ఎండలో పెట్టి, గాలి చొరని డబ్బాలో పోయండి. పొట్టు తీసి వేయించిన పల్లీలు త్వరగా పాడవుతాయి. అందుకే పచ్చివే ఉంచుకుని, బయల్దేరే వారంలో వేయించుకోండి.

ఇక మీ చేతుల వణుకు. ఉత్తరం మొత్తంలో నన్ను కలవరపెట్టింది ఇదే. అది నీరసం కాదు, షుగర్ పడిపోవడమే అయ్యుంటుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లలో ఇలా జరగడం అరుదు. గ్లిమెపిరైడ్ సంగతి వేరు. మీరు తిన్నా తినకపోయినా అది క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. అదే సమయంలో కొండెక్కే కాళ్లు రక్తంలోని గ్లూకోజ్‌ను లాగేసుకుంటాయి. దానికి తోడు భోజనం మూడింటికి. మూడూ ఒకే రోజు కలిశాయి.

మరి పల్లీ పట్టీ ఎందుకు పని చేయలేదు? పల్లీలో సగానికి దగ్గరగా నూనే ఉంటుంది. కొవ్వు ఉన్న తిండి కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది, దానితోపాటే బెల్లమూ ఆగిపోతుంది. చాక్లెట్‌దీ ఇదే కథ. షుగర్ పడిపోయినప్పుడు కావాల్సింది 15 గ్రాముల గ్లూకోజ్ పొడి, లేదంటే మూడు టీస్పూన్ల చక్కెర, కాసిని నీళ్లలో కలిపి. పావుగంట ఆగి గ్లూకోమీటర్‌తో చూడండి. ఇంకా 70 దాటకపోతే మళ్లీ అంతే తాగండి. దాటాక అప్పుడు పల్లీ పట్టీ తినండి, మళ్లీ పడిపోకుండా కాపాడేది అదే. 15 గ్రాముల చొప్పున నాలుగైదు చిన్న పొట్లాలు కట్టి చొక్కా జేబులో పెట్టుకోండి. బ్యాగు అడుగున ఉంటే ఆ వణికే చేతులతో తీయలేరు.

బయల్దేరడానికి మూడు వారాల ముందే మీ డాక్టర్‌ను కలిసి, ఈ వణుకు సంగతి తప్పకుండా చెప్పండి. నడిచే రోజుల్లో గ్లిమెపిరైడ్ మోతాదు తగ్గించాలా, ఆపాలా అన్నది మీ రీడింగులు చూసి వారే నిర్ణయించాలి. మీ అంతట మీరు మార్చుకోవద్దు. ఎత్తు ప్రదేశాల్లో తలనొప్పి, వికారం రాకుండా ఇచ్చే డయామాక్స్ మాత్ర మీకు అవసరమా అన్నదీ అప్పుడే అడగండి. సల్ఫా మందులు పడకపోతే ఆ మాట ముందే చెప్పాలి.

ఇప్పుడు మీ అర దగ్గరికి వద్దాం. షుగర్ ఉన్న ట్రెక్కర్ల ఇళ్లలో నేను తరచూ చూసేదే మీ ఇంట్లోనూ ఉంది. ట్రెక్ కోసమని బిస్కెట్లు, పట్టీలు, నూడుల్స్ తెస్తారు. సగం మిగులుతాయి. పారేయడానికి మనసొప్పదు. సాయంత్రం చాయ్‌తో రెండు బిస్కెట్లు, ఆదివారం ఒక నూడుల్స్ ప్యాకెట్. కొండ మీద నాలుగు రోజులు నడిచి బాగుపరుచుకున్న షుగర్ ఇంటి అర దగ్గర మళ్లీ పెరిగిపోతుంది. అందుకని నా మాట ఒకటే: అరలో మీరు రోజూ తినదగ్గవే ఉంచండి, తింటూ ఉండండి, తిన్నంత మళ్లీ నింపండి. తీపి వస్తువులను ట్రెక్ వారంలోనే, లెక్కపెట్టి కొని నేరుగా బ్యాగులో వేయండి. అలా చేస్తే అరలో ఏదీ ఏడాది పాతబడదు, చేదు పల్లీల సమస్యా రాదు. ప్రతి డబ్బా మీద కొన్న తేదీ రాసి అంటించండి. కొత్తది వెనక్కి, పాతది ముందుకు.

అరలో ఏముండాలంటే మన వంటింట్లో ఉండేవే. మందపాటి అటుకులు, బొంబాయి రవ్వ, రాగిపిండి, పుట్నాలు, పెసరపప్పు, పల్లీలు, నువ్వులు, మీల్ మేకర్, కందిపొడి, కరివేపాకు పొడి, నెయ్యి. వీటిలో మీల్ మేకర్‌ను చాలామంది పట్టించుకోరు. బరువు లేదు, నెలల తరబడి నిల్వ ఉంటుంది, 100 గ్రాముల్లో 50 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది, వేడినీళ్లలో వేస్తే మెత్తబడుతుంది. కందిపప్పు మాత్రం మూటలో వద్దు. కేదార్‌కంఠ దారిలో క్యాంపులు సుమారు 9,000 నుంచి 11,000 అడుగుల ఎత్తులో ఉంటాయి. అక్కడ నీళ్లు దాదాపు 90 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కర్ లేకుండా కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే మిగులుతుంది, గ్యాస్ అంతా దానికే పోతుంది. పెసరపప్పును ఇంట్లోనే దోరగా వేయించి పొడి కొట్టుకుంటే పది నిమిషాల్లో చారులా కాచుకోవచ్చు.

ఉప్మా మిక్స్ ఇంట్లోనే చేసుకోండి. నెయ్యిలో పోపు వేసి, కరివేపాకు కరకరలాడేదాకా వేగనిచ్చి, పుట్నాలు, రవ్వ వేసి కమ్మటి వాసన వచ్చేవరకు వేయించి ఉప్పు కలపండి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేయకండి, తడి ఉంటే బూజు పడుతుంది. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయాలి. మూత కింద ఆవిరి పట్టినా పాడవుతుంది. రెండు మూడు వారాలు బాగుంటుంది. అక్కడ మరిగే నీళ్లలో పోసి కలిపితే చాలు.

సద్దుల బతుకమ్మకు మీరు చేసే సత్తులు ఉన్నాయి కదా, వాటికన్నా మంచి ట్రెక్ తిండి నాకు తెలియదు. పెసలు, నువ్వులు, పల్లీలు వేయించి పొడి కొట్టి, పండగనాటి తీపిలో మూడో వంతు బెల్లమే కలపండి. నడుస్తూ రెండు చెంచాలు నోట్లో వేసుకోవచ్చు, నెమ్మదిగా శక్తినిస్తుంది. మన పెద్దవాళ్లు దూరప్రయాణాలకు సత్తు ఊరికే కట్టలేదు.

సకినాలు, మురుకులు ఒకటి రెండు రోజులకు పట్టుకెళ్లండి, నిల్వ సరుకుగా వద్దు. నూనె వాసన వస్తుంది, బ్యాగులో నుగ్గయిపోతాయి. నూడుల్స్‌లో మైదా, నూనె, ఉప్పు తప్ప పెద్దగా ఏమీ లేవు, అత్యవసరానికి ఒకటి చాలు. పచ్చడి ప్రాణమైతే చిన్న సీసాలో తీసుకెళ్లండి, నోరు చేదైనప్పుడు రెండు ముద్దలు లోపలికి పంపేది అదే.

ఎంత పట్టుకెళ్లాలి? ఇంట్లో మీకు రోజుకు 1,700 క్యాలరీలు చాలితే, మూటతో ఆరేడు గంటలు కొండెక్కే రోజు 2,500 దాటొచ్చు. ఎండు సరుకు రోజుకు 600 గ్రాముల చొప్పున లెక్క వేయండి. ఒక రోజుది ఒక సంచిలో కట్టండి. ఆ సంచిలోనే నాలుగు చిన్న పొట్లాలు విడిగా ఉండాలి. ఉదయం, రాత్రి భోజనం మధ్య ప్రతి గంటన్నర, రెండు గంటలకు ఒకటి తినాలి, ఆకలి వేసినా వేయకపోయినా. మంచి క్యాంపు స్థలం దొరికాక వండుకుందాం అన్న ఆలోచన షుగర్ టాబ్లెట్ వేసుకున్నవాళ్లకు పనికిరాదు. బయల్దేరేముందు షుగర్ చూడండి. 100 కన్నా తక్కువుంటే కొంచెం తిని నడక మొదలుపెట్టండి. రాత్రి పడుకునే ముందూ చూడండి. పగలు ఖర్చయిన నిల్వలను కండరాలు రాత్రంతా నింపుకుంటాయి, నిద్రలో షుగర్ పడిపోయే అవకాశం ఎక్కువ. 120 కన్నా తక్కువుంటే గుప్పెడు పుట్నాలతో నాలుగు ఖర్జూరాలు తినండి. చాలా గ్లూకోమీటర్లు సుమారు 10 నుంచి 40 డిగ్రీల మధ్యే సరిగ్గా పనిచేస్తాయి. మంచులో దాన్ని, స్ట్రిప్పులను ఒంటికి ఆనించి లోపలి జేబులో పెట్టుకోండి.

ఓఆర్‌ఎస్ పొట్లాలు అరలో ఎప్పుడూ ఉండాలి. షుగర్ ఉన్నవాళ్లు విరేచనాలైతే తాగవచ్చు, తాగాలి. లీటరు పొట్లాన్ని లీటరు నీళ్లలోనే కలపండి, సగం సగం వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అందులో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే. అదే పేరుతో అట్టపెట్టెల్లో అమ్మిన తీపి పానీయాల్లో దానికి ఎన్నో రెట్ల చక్కెర ఉండేది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిపై పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో దేశంలో ఆహార భద్రతను చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పానీయాలపై ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడొద్దని ఆదేశించింది. మీ అరలో పాతవి ఉంటే తీసేయండి.

కాజీపేటలో రైలెక్కి ఢిల్లీ చేరేసరికి దాదాపు ఒక రోజు. పులిహోర కట్టుకుంటే ఆ పూటకే తినేయండి, మర్నాటికి దాచొద్దు. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే అందులో పెరిగే బాక్టీరియా విడిచే విషం మళ్లీ వేడిచేసినా పోదు. వాంతులతో కొండ కింద దిగితే ట్రెక్ అక్కడే ఆగిపోతుంది. మర్నాటికి పొడి చపాతీలు, కందిపొడి నయం.

నవంబరులోనే ఒక ఆదివారం పాండవుల గుట్టలకు వెళ్లి, ఇదే సంచి, ఇదే తిండి, ఇవే టాబ్లెట్లతో రోజంతా నడవండి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి షుగర్ చూసి రాసుకోండి. మీ డాక్టర్‌కు ఆ కాగితం నా సలహాకన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది. ఏ పొడి సహించలేదో, ఏది మిగిలిపోయిందో మీకూ అక్కడే తెలుస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడకండి. 8,000 అడుగులు దాటాక తలనొప్పి, వికారం, తిండి మీద విముఖత రావచ్చు. షుగర్ పడిపోయినా కొంతవరకు ఇలాగే ఉంటుంది. ఊహించుకోకుండా వెంటనే గ్లూకోమీటర్ తీయండి. వాంతులై తిండి నిలవకపోతే గ్లిమెపిరైడ్ వేసుకుని పైకి ఎక్కడం ప్రమాదం. ఆ రోజు శిఖరం వదిలేసి కిందికి దిగండి. మీ ముగ్గురు స్నేహితురాళ్లకూ, గైడ్‌కూ గ్లూకోజ్ పొట్లాలు ఏ జేబులో ఉన్నాయో మొదటి రోజే చూపించండి. మీ మాట తడబడినా, మీరు ఊరికే చిరాకు పడుతున్నా, నాకేం కాలేదని మీరే అన్నా సరే, ముందు గ్లూకోజ్ తాగించమని చెప్పండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆలస్యం చేయకుండా, ట్రెక్ మొదలయ్యే ఊరు సాంక్రి వైపు కిందికి తరలించాలి.