‘ఐ ఆల్వేస్ లైక్’ అని రాయొచ్చా?

అప్లికేషన్ లెటర్‌లో ‘నాకు పుస్తకాలు చదవడం ఎప్పుడూ ఇష్టమే’ అని రాయాలి, ‘ఐ ఆల్వేస్ లైక్ రీడింగ్’ కరెక్టా, ‘ఐ యామ్ ఆల్వేస్ లైకింగ్ రీడింగ్’ కరెక్టా అని ఒకరు అడిగారు. రెండూ వద్దు. ‘ఐ హావ్ ఆల్వేస్ లైక్డ్ రీడింగ్’ అని రాయండి.

ఈ ‘ఆల్వేస్’తో నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది అప్రైజల్ ఫారం నింపుతూ, ‘కస్టమర్ల మీద నాకు ఎప్పుడూ విసుగు రాదు’ అని మనసులో అనుకుని, ‘ఐ డోంట్ ఆల్వేస్ ఫీల్ ఇరిటేటెడ్ విత్ కస్టమర్స్’ అని రాసిచ్చాను. మా మేనేజర్ ఆ లైను కింద పెన్సిల్‌తో గీత గీసి, “మరి ఎప్పుడెప్పుడు వస్తుందమ్మా విసుగు?” అని అడిగారు. అప్పటికీ నాకు అర్థం కాలేదు. నేను రాసినదానికి ‘ప్రతిసారీ రాదు, కొన్నిసార్లు వస్తుంది’ అని అర్థమట! మన ‘ఎప్పుడూ’ పక్కన ‘రాదు’, ‘లేదు’ లాంటివి చేరితే అది ‘ఆల్వేస్’ కాదు, ‘నెవర్’. ‘ఐ నెవర్ ఫీల్ ఇరిటేటెడ్’ అని రాయాల్సింది. అదీ అబద్ధమే అనుకోండి, కానీ అప్రైజల్‌లో చెల్లిపోయేది.

గ్రామర్ పుస్తకాల కంటే నాకు ఎక్కువ పనికొచ్చిన కిటుకు తెలుగులోనే ఉంది. కోపం వస్తుంది, భయం వేస్తుంది, జాలి కలుగుతుంది. ఇవి వచ్చిపోయేవి కాబట్టి ఎన్నిసార్లు వచ్చాయో చెప్పుకోవచ్చు. ‘ఐ ఆఫెన్ గెట్ యాంగ్రీ’, ‘ఐ సమ్‌టైమ్స్ ఫీల్ లోన్లీ’ అంటే ఏ ఇబ్బందీ లేదు. ఇష్టం సంగతి వేరు. ‘నాకు కాఫీ ఇష్టం’ అంటాం, అందులో క్రియే లేదు. కాఫీ రోజుకు ఎన్నిసార్లు తాగుతావని అడుగుతారు గానీ, ఎన్నిసార్లు ఇష్టమని ఎవరూ అడగరు. అందుకే ‘ఐ లైక్ కాఫీ’ అంటే చాలు. మొదట్నుంచీ ఇష్టమే అని చెప్పాలంటే ‘హావ్ ఆల్వేస్ లైక్డ్’. అయితే ‘ఐ ఆల్వేస్ లవ్ ఇట్ వెన్ ఇట్ రెయిన్స్’ తప్పు కాదు, ఎందుకంటే అక్కడ వాన పడ్డ ప్రతిసారీ అని లెక్క దొరుకుతోంది.

ఇక ‘ఇంగ్’ సంగతి. మెక్‌డొనాల్డ్స్ 2003లో మొదలుపెట్టిన ‘ఐయామ్ లవిన్ ఇట్’ ప్రకటన చూసి, ‘లవింగ్’, ‘లైకింగ్’ ఎక్కడైనా వాడొచ్చనుకుంటారు. అది తింటున్న ఆ క్షణం గురించి సరదాగా అన్న మాట, అప్లికేషన్‌లో నప్పదు. ‘షీ ఈజ్ ఆల్వేస్ వర్రీయింగ్’ మాత్రం మంచి ఇంగ్లీషే, కానీ అందులో కాస్త చిరాకు వినిపిస్తుంది. మనం ‘ఎప్పుడు చూసినా ఏదో ఒక దిగులే’ అంటామే, అలా. మీ గురించి మీరు రాసుకునే చోట అది వాడకపోవడమే మేలు.

‘ఆల్వేస్’, ‘ఆఫెన్’ లాంటి మాటల్ని వాక్యంలో ఎక్కడ పెట్టాలన్నది తేలికే. ‘ఫీల్’, ‘ఎంజాయ్’ లాంటి వాటికి ముందు, ‘యామ్’, ‘వాజ్’, ‘హావ్ లైక్డ్’లోని ‘హావ్’ లాంటి వాటి తర్వాత: ‘ఐ ఆఫెన్ ఫీల్ నెర్వస్’, ‘ఐ యామ్ ఆఫెన్ నెర్వస్’. ‘సమ్‌టైమ్స్’తో వాక్యం మొదలుపెట్టొచ్చు గానీ ‘ఆల్వేస్ ఐ ఫీల్’ అనకండి.

లెటర్ పంపేముందు అందులో ‘డోంట్ ఆల్వేస్’ ఎక్కడైనా దూరిందేమో ఒకసారి వెతకండి.