ఒకే దారికి రెండుసార్లు టోలు

చి. ల. సౌ. పద్మకు మామయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు వాట్సాప్‌లో పంపిన కారు రిపేరు బిల్లు నిన్న రాత్రి కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను. మన ఇంట్లో పెళ్ళి శుభలేఖ కూడా మీరు ఇంత శ్రద్ధగా చదవలేదని మీ అత్తయ్య దెప్పింది. ఫోన్లో చెబితే నువ్వు సగం వింటావు, మిగతా సగం అల్లుడుగారికి చెప్పేటప్పుడు మారిపోతుంది. అందుకే రాస్తున్నాను.

"మోసపోయామా మామయ్యా?" అని అడిగావు. బిల్లులో లేబర్ వరకు చూద్దాం. టైమింగ్ బెల్టుకి 4 గంటలు, వాటర్ పంపుకి 3.5, ముందు బ్రేకు డిస్కులకి 1.5, బ్రేకు ప్యాడ్లకి 1, స్కానింగ్‌కి 0.5. మొత్తం పదిన్నర గంటలు. గంటకి 800 చొప్పున 8,400 రూపాయలు. తమాషా ఏమిటంటే, విడివిడిగా చూస్తే ఇందులో ఏ అంకెనూ నేను తప్పుపట్టలేను. పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది.

టైమింగ్ బెల్టు అంటే ఇంజిన్ లోపల వాల్వులూ పిస్టన్లూ తాళం తప్పకుండా నడిపించే బెల్టు. మీ డస్టర్ డీజిల్లో దాని దాకా వెళ్ళాలంటే ముందు కుడివైపు చక్రం తీయాలి, దాని లోపలి ప్లాస్టిక్ విప్పాలి. ఇంజిన్ కింద జాకీ పెట్టి కుడివైపు మౌంటింగ్ తీయాలి. ఆల్టర్నేటర్ బెల్టు, క్రాంక్ పుల్లీ, కవర్లు ఊడదీయాలి. టైమింగ్ కదలకుండా పిన్నులు పెట్టి లాక్ చేయాలి. ఇక్కడ పొరపాటు జరిగితే వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి, కాబట్టి తొందరపడకూడని పని. నాలుగు గంటలు న్యాయమే.

బెల్టు తీశాక ఎదురుగా కనిపించేది వాటర్ పంపే. ఇంజిన్ని చల్లబరిచే ద్రవాన్ని, అంటే కూలెంట్‌ని, తోసేది అదే. దాన్ని తిప్పేది కూడా ఆ బెల్టే. అక్కడికి చేరాక మిగిలేది కూలెంట్ దించడం, పంపు బోల్టులు విప్పడం, కారకుండా మధ్యలో వేసే పాత గాస్కెట్ గీకి శుభ్రం చేయడం, కొత్తది బిగించి కూలెంట్ నింపి గాలి తీయడం. నా చేతిలో అయితే ముప్పావు గంట, మహా అయితే గంట. మరి 3.5 ఎక్కడి నుంచి వచ్చింది? పంపు ఒక్కటే మార్చే కారుకి వేసే సమయం అది. చక్రం దగ్గర మొదలుపెట్టి అంతా విప్పాలి కదా! మీ కారుకి ఆ దారి అప్పటికే విప్పి ఉంది, దాని కూలీ బెల్టు పద్దులో మీరు ఇచ్చేశారు. ఒకే దారికి రెండోసారి టోలు కట్టించుకున్నారన్నమాట.

బ్రేకుల పద్దూ అంతే. డిస్కు రావాలంటే చక్రం, ప్యాడ్లని డిస్కుకి నొక్కే క్యాలిపర్, ప్యాడ్లు అన్నీ బయటికి వచ్చి తీరాలి. డిస్కుల గంటన్నరలోనే ప్యాడ్ల పని ఉంది.

నా లెక్క ఇది: బెల్టుకి 4, పంపుకి అదనంగా 0.8, డిస్కులూ ప్యాడ్లూ కలిపి 1.5, స్కానింగ్ 0.5. మొత్తం 6.8 గంటలు, 5,440 రూపాయలు. తేడా 2,960. లేబర్ మీద 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు మూడున్నర వేలు. అయితే బెల్టుతో పాటు పంపు కూడా మార్చమని వాళ్ళు చెప్పింది మాత్రం మంచి సలహా. ఆ విషయంలో గొడవపడకు. ఆరు నెలలకి పంపు కారితే మళ్ళీ ఆ నాలుగు గంటల పనీ మొదటి నుంచి చేయించాల్సి వచ్చేది.

0.8 అంటే ఎనభై నిమిషాలు అనుకునేవు. గంటని పది భాగాలు చేస్తారు, ఒక్కో భాగం 6 నిమిషాలు. 0.8 అంటే 48 నిమిషాలు. 1.3 అని రాసుంటే గంటా ముప్పై కాదు, గంటా 18 నిమిషాలు. సర్వీస్ సెంటర్లలో కూర్చున్న అడ్వైజర్లు కూడా కొందరు దీన్ని తప్పు చదవడం నేను చూశాను.

అల్లుడుగారు కారు ఇచ్చిన దగ్గర్నుంచి వాచీ చూసుకుంటూ అక్కడే కూర్చున్నారని రాశావు. దానివల్ల లాభం లేదమ్మా. ఆటోనగర్‌లో నేను పని చేసిన రోజుల్లో మారుతి 800 క్లచ్ పనికి మూడు గంటల లేబర్ చెప్పేవాళ్ళం. నేనూ, మా హెల్పర్ కుర్రాడూ చెరోవైపు పడితే గేర్‌బాక్సు దించి, ప్లేటు మార్చి, ఎక్కించడానికి రెండు గంటలు చాలు. ఒకాయన స్టూలు మీద కూర్చుని చూసి, "రెండు గంటలే కదా పట్టింది, ఒక గంట డబ్బు తగ్గించు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అదే పని కొత్తగా చేరిన కుర్రాడు చేస్తే పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడుతుంది. అప్పుడు ఈయన ఎనిమిది గంటలు ఇస్తాడా? ఇవ్వడు, ఇవ్వకూడదు కూడా. పనికి ఒక సమయం కట్టి ఉంటుంది. త్వరగా చేసినవాడి పనితనం వాడి లాభం, నెమ్మదిగా చేసినవాడి నష్టం వాడిదే. డల్లాస్‌లో మీ అన్నయ్యని అడుగు. అక్కడ చాలా షాపుల్లో మెకానిక్ జీతమే ఈ కట్టిన గంటల మీద నడుస్తుంది. చిల్టన్, మిచెల్ అని ఏ కారుకి ఏ పనికి ఎంతసేపో చెప్పే గైడ్లు ఉంటాయి. లేబర్ గంటకి వంద డాలర్లు దాటడం మామూలే కాబట్టి వాడు బ్రేకు ప్యాడ్లు ఇంటి ముందే మార్చుకుంటాడు. మన దగ్గర కంపెనీలు వాళ్ళ సర్వీస్ సెంటర్లకి ఇలాంటి పట్టిక ఇస్తాయి. బయటి షెడ్డులో మేస్త్రీ అనుభవమే పట్టిక.

అలాగే కారు షెడ్డులో ఉన్న రోజులకీ పని గంటలకీ ముడిపెట్టకు. హెడ్ గాస్కెట్ పోతే హెడ్డు, అంటే ఇంజిన్ పై భాగం, లేత్ షాపుకి వెళ్ళి రావాలి, గాస్కెట్ ఊళ్ళో దొరక్కపోతే తెప్పించాలి. కారు నాలుగు రోజులు కదలకపోయినా పానా పట్టుకున్న సమయం ఒక రోజే.

కట్టిన సమయం కంటే నిజంగానే ఎక్కువ పట్టే సందర్భాలూ ఉన్నాయి. అందులో పెద్దది తుప్పు. కాకినాడ నుంచి చేపల వ్యాపారి వ్యాన్ ఒకటి మా దగ్గరికి వచ్చేది. సముద్రపు గాలికి తోడు బండి నిండా ఉప్పునీళ్ళు. సైలెన్సర్ మానిఫోల్డ్ విప్పుతుంటే దాన్ని బిగించే స్టడ్డు, అంటే తల లేని బోల్టు, లోపలే విరిగింది. గంట పని, విరిగిన ముక్కని డ్రిల్ చేసి తీసేసరికి పూట గడిచింది. డ్రిల్లు పెట్టకముందే వ్యాపారికి ఫోన్ చేయించాను. వచ్చి కళ్ళతో చూశాడు, సరేనన్నాడు, డబ్బు దగ్గర మాట రాలేదు. నువ్వు చూడాల్సింది అదే. అదనపు సమయం గురించి పని మధ్యలో ఫోన్ వస్తే నమ్మొచ్చు. బిల్లు చేతికిచ్చేటప్పుడు "బోల్టు జామ్ అయిందండీ" అంటే ఆ బోల్టు చూపించమను.

స్కానింగ్‌కి అరగంట వేశారని నువ్వు సణిగావు చూడు, అది ఇచ్చెయ్. మిషన్ ఒక కోడ్ చెబుతుంది, జబ్బు చెప్పదు. పెట్రోలు కారుకి P0301 అని వస్తే మొదటి సిలిండర్ సరిగా మండట్లేదని అర్థం. ప్లగ్గు కావచ్చు, కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు, కంప్రెషన్ పోయి ఉండొచ్చు. ఏదో తేల్చడానికి తల వాడాలి. తేల్చే పనికి డబ్బివ్వని వాళ్ళ కార్లకి ఊహమీద ఒక్కో పార్టు మారుస్తూ పోతారు, చివరికి అదే ఎక్కువవుతుంది.

మీ ఏసీ కూడా సరిగా చల్లబడట్లేదన్నావు. ఒకవేళ కూలింగ్ కాయిల్ లీకైతే ఎస్టిమేట్ చూసి గుండె ఆగినంత పనవుతుంది. కాయిల్ డాష్‌బోర్డు వెనకాల ఉంటుంది. కొన్ని కార్లకి గ్లోవ్ బాక్సు వైపు నుంచి వస్తుంది, చాలా వాటికి డాష్‌బోర్డు మొత్తం దించాలి. ఇక్కడ అడగాల్సింది "ఎంత అవుతుంది" అని కాదు, "ఏమేమి విప్పాలి" అని. రెండు షెడ్లలో అడుగు. ఇద్దరూ డాష్‌బోర్డు దించాలంటే రోజు పనే. ఒకడు గ్లోవ్ బాక్సు అని, ఇంకొకడు డాష్‌బోర్డు అంటే, ఇద్దరిలో ఒకడికి ఆ కారు తెలీదు. అన్నట్టు, గ్యాస్ నింపేముందు అరగంట వ్యాక్యూమ్ లాగుతారు, ఆ సేపూ పని చేసేది మిషన్ ఒక్కటే.

డెంటింగ్, పెయింటింగ్ సంగతి వేరు. దానికి తలుపు, బానెట్ లాంటి ఒక్కో ప్యానెల్‌కి ఇంత అని లెక్క, గంటలు పనికిరావు.

రేపు వెళ్ళినప్పుడు అల్లుడుగారిని గొంతు పెంచవద్దని చెప్పు. ఏ పనికి ఎంత వేశారో రాసి ఉండే జాబ్ కార్డు అడిగి, "బెల్టు పనిలో విప్పినవి మళ్ళీ పంపు పనిలో ఎందుకు వేశారు?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. కంప్యూటర్ ప్రతి పనికీ దాని సమయం దానికి కలిపేసి ఉంటుంది, అడిగితే సరిచేస్తారు. అప్పటికీ కుదరదంటే నాకు ఫోన్ కలుపు. విడిభాగాల మీద పన్ను శాతం కూడా చూడు. 2025 సెప్టెంబరు 22 నుంచి అన్నిటికీ 18 శాతమే, పాత 28 ఎక్కడైనా మిగిలిపోయిందేమో. బేరమాడి 6.8ని నాలుగుకి మాత్రం దించకండి. డబ్బు తెగ్గోస్తే చివరికి తగ్గేది ఆ పని చేసిన కుర్రాడి వాటా. వచ్చేసారి మీ బండికి గాస్కెట్ గీకేటప్పుడు వాడికి అది గుర్తొస్తుంది.

పాత బెల్టూ పంపూ అడిగి తీసుకుని డిక్కీలో వేయించు. దసరాకి వచ్చినప్పుడు చూస్తాను. పంపు ఇరుసు చేత్తో తిప్పితే అసలు మార్చాల్సినంత అరిగిందో లేదో తెలుస్తుంది.

మీ మామయ్య